కరెంటు కోటూ... నల్ల గొంగడీ!

పాలమూరోళ్లకి చలేమిటండీ అని హైదరాబాద్ వాళ్లు నవ్వుతారు. వాళ్లననడానికి లేదు. మే నెలలో గద్వాల బస్టాండు బయట పావుగంట నిలబడితే ఎవరైనా అదే మాటంటారు. 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు పంచారు, ఫైళ్లు పంచారు, ఉద్యోగుల్ని పంచారు. ఎండను మాత్రం పంచలేకపోయారు. అదింకా మా ఉమ్మడి ఆస్తే!

వాన కూడా మాకు అంతంతమాత్రమే. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు పక్కలా రెండు మహానదులు పారుతున్నా, తెలంగాణలో వాన తక్కువ కురిసే చోట్లలో అదొకటి. ఇలాంటి ప్రాంతంవాణ్ని పట్టుకుని ‘వానలో చలి’ గురించి రాయమంటే ఎడారివాణ్ని ఈత గురించి అడిగినట్టే ఉంటుంది.

కానీ, ముసురు పట్టిన రోజున బీచుపల్లి వంతెన మీద మోటార్‌సైకిల్ నడిపినవాణ్ని ఒకసారి కదిపి చూడండి. కింద కృష్ణమ్మ, పైన మబ్బు, మధ్యలో అడ్డూ అదుపూ లేని గాలి. ఆ రెండు నిమిషాల్లో వాడికి కాశ్మీరం కనిపిస్తుంది.

నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. ఇల్లు వనపర్తిలో. ఇరవై రెండేళ్లుగా సోమవారం గద్వాల, మంగళవారం నాగర్‌కర్నూల్, బుధవారం సొంతూరు... ఇలా మూడు ఊళ్ల మధ్యే నా జీవితం తిరుగుతోంది. డాక్టరుగారికి ఎండా వానా ఉండవు కాబట్టి మాకూ ఉండవు. శాంపిళ్ల సంచీకి ప్లాస్టిక్ కవరు తొడుగుతాం, ఫోనుకి ఇంకో కవరు. మిగిలిన శాల్తీ మాత్రం తడుస్తుంది.

ఇంతకీ ఇరవై నాలుగు డిగ్రీల్లో చలెందుకు పుడుతుంది? ఇంట్లో ఫ్యాను కింద అదే ఇరవై నాలుగు డిగ్రీలుంటే హాయిగా ఉంది అంటాం కదా! ఈ సందేహం నాకు చాలాకాలం ఉండేది. జవాబు మన ఇళ్లలోనే ఉంది... మంచినీళ్ల కుండ. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. తడి చొక్కాతో బండి మీద కూర్చున్నవాడు కూడా కుండే. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. అవి చిన్న కేలరీలు లెండి, తిండి లెక్కలో చెప్పే పెద్దవాటిలో వెయ్యోవంతు. అయినా ప్యాంటూ చొక్కా కలిసి పావు లీటరు నీళ్లు పీల్చాయనుకుందాం. ఆ నీళ్లన్నీ ఆరడానికి ఒక మంచి జొన్నరొట్టె తింటే వచ్చేంత శక్తి ఖర్చవుతుంది. అందులో చాలాభాగం ఇచ్చేది మన ఒళ్లే. పైగా కుండని ఎవరూ గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో గాలికి ఎదురు తీసుకెళ్లరు కదా!

వణుకుతో పోతే సరే, వేడివేడి చాయ్ తాగితే తగ్గిపోతుంది. అసలు భయం వేళ్లతోనే. ఒళ్లు చల్లబడగానే శరీరం తెలివిగా ఒక పని చేస్తుంది. గుండె, ఊపిరితిత్తులు వెచ్చగా ఉంటే చాలనుకుని చేతులకీ కాళ్లకీ నెత్తురు తగ్గించేస్తుంది. ముందు వేళ్లు మొద్దుబారతాయి. బండి నడిపేవాడికి ప్రాణమంతా ఆ వేళ్లలోనే ఉంటుంది. క్లచ్చు ఒక చేతిలో, ముందు బ్రేకు మరో చేతిలో. యాభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుంది. వేళ్లు ఒక్క సెకను ఆలస్యంగా ముడుచుకుంటే ఆ పద్నాలుగు మీటర్లూ దేవుడి మీద భారం వేసి వెళ్లడమే.

మాతో తిరిగే మిత్రుడొకాయన అలాగే గోపాలపేట దారిలో పడ్డాడు. గంటన్నర వానలో తడిసి వస్తున్నాడు. రోడ్డు మీదికి బర్రె వచ్చింది. ‘బ్రేకు పట్టాలని తెలుస్తోందన్నా, చెయ్యి మాత్రం నాది కానట్టుంది’ అని ఆసుపత్రి మంచం మీద చెప్పాడు. భుజం ఎముక విరిగి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. బర్రెకేం కాలేదు. అందరూ వర్షానికి రోడ్డు జారిందన్నారు. చలికి వేళ్లు జారాయని ఎవరికీ తట్టలేదు. మా దగ్గర చలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు మరి!

అలాగని మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. మా చిన్నప్పుడు గోనెసంచిని ఒక మూల లోపలికి మడిచి తలమీంచి వేసుకుంటే అదే కొప్పెర. వానకీ, బరువు మొయ్యడానికీ, కూర్చోడానికీ అదొక్కటే. తర్వాత యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కాగితం వచ్చింది. ఆ తర్వాత రెయిన్‌కోట్లు. సంతలో కొన్న రెయిన్‌కోటు సంగతి మీకూ తెలిసిందే. మొదటి వానకి కుట్ల దగ్గర కారుతుంది, రెండో వానకి చంక దగ్గర చిరుగుతుంది, మూడో వానకి ఇంట్లో మరిచిపోతాం. 

ఇంకో చిట్కా ఉంది. ఈ కాగితం వాళ్లు ఏమీ అనుకోకపోతే చెబుతాను. చొక్కా లోపల, ఛాతీకి ఎదురుగా దినపత్రిక మడిచి పెట్టుకుంటే చలిగాలి లోపలికి రాదు. పొడిగా ఉన్నంతసేపు భేషుగ్గా పనిచేస్తుంది. విదేశాల్లో సైకిల్ పందేల వాళ్లు కూడా కొండ దిగేటప్పుడు ఇదే పని చేసేవారట. నా అనుభవంలో ఆదివారం సంచిక మరీ శ్రేష్ఠం. పేజీలు ఎక్కువ!

గొంగడి మహిమ నాకు తెలిసింది మాత్రం 2009లో. ఆ ఏడు అక్టోబరు 2న కర్నూలు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆలంపూర్ కూడా మునిగింది. దానికి ముందురోజు సాయంత్రం నేను గద్వాల నుంచి ఇంటికి వస్తున్నాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గరే ఒళ్లంతా తడిసిపోయింది. బీచుపల్లి దాటి, పెబ్బేరు దాటి వనపర్తి వైపు తిరిగేసరికి ముందు ఊరి వాగు రోడ్డు మీదికి వచ్చేసింది. వెనక్కి వెళ్లలేను, ముందుకి పోలేను. ఊరి మొదట్లో ఒక ఇంటి వసారా కనిపిస్తే బండి ఆపాను. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ ఇంటి పెద్దాయన నన్ను చూసి పేరడగలేదు, ఊరడగలేదు.

‘ముందుగాల ఆ తడిబట్టలు ఇప్పెయ్ బిడ్డా. మాటలు తర్వాత’ అని ఒక నల్ల గొంగడి తెచ్చి మీద పడేశాడు.

గరుకు. ఒళ్లంతా గుచ్చుకుంటోంది. వాసన గురించి చెప్పనక్కర్లేదు, మందలో పడుకున్నట్టే ఉంది. కానీ పది నిమిషాల్లో వణుకు ఆగింది. అరగంటకి నిద్ర ముంచుకొచ్చింది. విచిత్రమేమిటంటే ఆ గొంగడి కూడా పొడిగా లేదు. సాయంత్రం దాకా ఆయన దాన్నే కప్పుకుని గొర్ల వెంట తిరిగాడట. తడిసిన గొంగడి వెచ్చగా ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న నా బుర్రలో అలాగే ఉండిపోయింది. వాగు తగ్గాక ఇంటికి వచ్చేశాను. జీవితం యథాప్రకారం నడిచింది. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్నట్టు, నేను మళ్లీ రెయిన్‌కోట్ల వెంటే పడ్డాను.

ఇక కరెంటు కోటు కథ.

మా అక్క కొడుకు అమెరికాలో, సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ వాన మనలా దంచికొట్టదు. చలికాలమంతా సన్నగా, చీకాకుగా, రోజుల తరబడి కురుస్తూనే ఉంటుందట. అయిదారు డిగ్రీల చలి. వాడికి బండి పిచ్చి. అంత వానలోనూ మోటార్‌సైకిల్ మీదే ఆఫీసుకి పోతాడు. ‘చలి పుట్టదురా?’ అని ఫోనులో అడిగితే, ‘నా కోటుకి కరెంటుంది మామా’ అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదు. కోటు లోపల సన్నటి తీగలు కుట్టి ఉంటాయి. బండి బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి దానికి తగిలిస్తే చాలు, ఛాతీ, వీపు, మెడపట్టీ వేడెక్కుతాయి. మన ఇస్త్రీపెట్టె సూత్రమే. తీగలో కరెంటు పోతుంటే వేడి పుడుతుంది. కాకపోతే ఇక్కడ ఇస్త్రీ అయ్యేది మనం!

ఇదేదో కొత్త వింత అనుకునేరు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లోనే పైకప్పు లేని విమానాల్లో ఎగిరే పైలట్ల కోసం కరెంటుతో వేడెక్కే దుస్తులు తయారు చేశారు. రెండో యుద్ధంలో అమెరికా బాంబర్లు పాతికవేల అడుగుల ఎత్తున, సున్నాకి నలభై డిగ్రీలు దిగువన ఎగిరేవి. లోపల తుపాకుల దగ్గర నిలబడిన కుర్రాళ్లకి అవే దిక్కు. 1970లలో అమెరికాలో అవి మోటార్‌సైకిల్ వాళ్ల దగ్గరికి వచ్చాయి. అంటే ఆకాశంలోంచి రోడ్డు మీదికి దిగడానికి యాభై ఏళ్లు పట్టింది. రోడ్డు మీద నుంచి పెబ్బేరు రావడానికి ఇంకో యాభై ఏళ్లు!

2024 డిసెంబరులో మావాడు వచ్చినప్పుడు నాకూ ఒకటి తెచ్చాడు. ‘మామయ్యకి జాకెట్ తెచ్చానత్తా’ అని వాడు సంచీ విప్పగానే మా ఆవిడ ఎగాదిగా చూసింది. ‘మీ మామయ్యకి జాకెట్టేమిట్రా, కొలతలు నావి కావాలి గానీ’ అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాన్ని కోటు అనే పిలుస్తున్నాం.

వాడు వాడే రకం కోటు నా బండికి పనికిరాదని ముందే లెక్కవేశాడు. ఆ లెక్క నాకు భలే నచ్చింది. వాడి కోటు తొంభై వాట్లు లాగుతుంది. నాది 100 సీసీ బండి. దాని హెడ్‌లైటే ముప్పై అయిదు వాట్లు. అంటే కోటు ఒక్కటే రెండున్నర హెడ్‌లైట్లతో సమానం. వాడి 650 సీసీ బండికి అదొక లెక్క కాదు. నా బండికి తగిలిస్తే మాత్రం అరగంట తిరక్కుండానే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. నేను వెచ్చగా ఉంటాను, బండి చల్లగా ఉంటుంది! అందుకని విడిగా జేబులో పెట్టుకునే లిథియం బ్యాటరీతో నడిచే చిన్న రకం తెచ్చాడు. 7.4 వోల్టులే కాబట్టి షాకు కొట్టే భయం లేదు. గుండె దగ్గర ఒక బొత్తాం. నొక్కితే ఎర్ర దీపం, తెల్ల దీపం, నీలి దీపం... ఎక్కువ, మధ్యరకం, తక్కువ. ఆ బ్యాటరీని విమానంలో పెద్ద సామానుతో పంపనివ్వరట. చేతిసంచీలోనే పెట్టుకుని, సెక్యూరిటీవాళ్లకి వివరం చెప్పుకుంటూ తెచ్చాడు. మేనమామ మీద ప్రేమంటే అదీ!

2025 జులైలో ముసురు పట్టింది. సరిగ్గా శనివారం. గద్వాలలో ఒక డాక్టరుగారిని కలవాలి. కోటు తొడుక్కుని, పైన రెయిన్‌కోటు వేసుకుని, నీలి దీపం వెలిగించి బయల్దేరాను. వనపర్తి పొలిమేర దాటకుండానే ఒళ్లు ఇడ్లీపాత్రలా అయిపోయింది. లోపల చెమట, బయట వాన. హెల్మెట్ అద్దం నిండా ఆవిరి. ఆపేశాను. సియాటిల్ చలి కోసం కుట్టిన కోటు వనపర్తి వానకి ఊరికే ఎలా అతుకుతుంది?

కానీ పెబ్బేరు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. మెడ దగ్గర నుంచి నీళ్లు లోపలికి దిగాయి. గాలి ఎక్కువైంది. వేళ్లు బిగుసుకోవడం మొదలెట్టాయి. అప్పుడు బొత్తాం నొక్కాను. మూడు నిమిషాలకి వీపు మీద అమ్మ వేన్నీళ్ల కాపడం పెట్టినట్టనిపించింది. ఇంకాసేపటికి చేతివేళ్లు నా మాట వినసాగాయి. చేతులకి ఏ తీగా లేదు, వేడి తగిలింది ఛాతీకీ వీపుకీ మాత్రమే. నడుము పైభాగం వెచ్చబడేసరికి శరీరం పిసినారితనం మానేసి వేళ్లకి మళ్లీ నెత్తురు పంపింది. మా మిత్రుడి భుజం గుర్తొచ్చింది. ఆ రోజు గోపాలపేట దారిలో అతనికి కావలసింది కొత్త బ్రేకులు కాదు, ఈ కాస్త వెచ్చదనం.

పెబ్బేరులో శనివారం సంత. వానైనా జనం జనమే. చాయ్ హోటల్ రేకుల కింద బండి ఆపాను. పక్కనే బల్ల మీద ఒక గొర్లకాపరి తాత, తలమీంచి మోకాళ్ల దాకా నల్ల గొంగడి కప్పుకుని బీడీ కాలుస్తున్నాడు. నేను రెయిన్‌కోటు విప్పగానే గుండె మీద నీలి దీపం వెలుగుతూ కనిపించింది. తాత బీడీ తీసి అటే చూశాడు.

‘గదేంది సారూ, గుండెకాడ బుగ్గ ఎలుగుతుంది?’

చెప్పాను. తీగలు, బ్యాటరీ, అమెరికా. ఆయన చెయ్యి పెట్టి చూశాడు. కొంచెం ఉలిక్కిపడ్డాడు. నవ్వాడు.

‘బాగనే ఉంది. మరి కరెంటు అయిపోతే?’

‘మళ్లీ చార్జింగ్ పెట్టాలి తాతా.’

‘నాది చూడు. యాభై ఏండ్ల సంది ఒక్కపారి గూడ చార్జింగ్ పెట్టలే. మా నాయిన కప్పిండు, నేను కప్పుతున్న.’ గొంగడిని తట్టి, వేళ్ల మధ్య పిండాడు. నీళ్ల బొట్లు బయటే జారిపోయాయి. లోపలి వైపు చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. వెచ్చగా ఉంది! 2009 నాటి నా ప్రశ్న మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంది.

దాని జవాబు తర్వాత తీరిగ్గా చదివి తెలుసుకున్నాను. నూలు తడిస్తే దారాల మధ్య గాలి పోయి నీళ్లు నిలుస్తాయి. అందుకే తడి నూలుబట్ట ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది. ఉన్ని అలా కాదు. ఉన్నిపోగులు వంకీలు తిరిగి ఉంటాయి, వాటి మధ్య గాలి అంత తేలిగ్గా పోదు. తన బరువులో దాదాపు మూడోవంతు తేమని పోగుల లోపలే దాచుకున్నా ఉన్ని పైకి తడిగా తోచదు. ఇంకా చిత్రం, అలా తేమని పీల్చుకుంటున్నంతసేపూ ఉన్ని కాస్త వేడిని విడుదల చేస్తుంది. తీగ లేదు, బొత్తాం లేదు, దీపం లేదు. తాత కప్పుకున్నది కూడా ఒక రకం కరెంటు కోటే! పైగా గొర్రె ఒంటి జిడ్డు కొంత ఆ ఉన్నిలో ఉండిపోతుంది కాబట్టి నీళ్లు పైనే జారిపోతాయి. నేను 2009లో ముక్కు మూసుకున్న వాసన ఆ జిడ్డుదే అన్నమాట.

‘ఇలాంటిది నాకొకటి కావాలి తాతా, ఎక్కడ దొరుకుతుంది?’ అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ‘నేసెటోళ్లు ఏడున్నరు సారూ? నా మందల ఉన్ని గొర్రె ఒక్కటి లేదు. అన్నీ కూరకే’ అన్నాడు.

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. గొంగడికి కావలసిన నల్ల ఉన్ని దక్కని జాతి గొర్రెది. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఇంట్లో ఆడవాళ్లు వడుకుతారు. చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద కురుమలు నేస్తారు. అంతా ఇంటిపనే, చుట్టుపక్కల దొరికే సామానే. కానీ మాంసం ధర పెరిగింది, ఉన్ని ధర పడిపోయింది. ఒంటి మీద ఉన్ని లేని, తొందరగా బరువు పెరిగే నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. బయటి నుంచి చవక దుప్పట్లు సంతలోకి వచ్చాయి. రెండు వైపుల నుంచీ నలిగింది గొంగడే. హైదరాబాద్‌లో కొందరు యువకులు దక్కని ఉన్నితో బూట్లు తయారుచేసి అమ్ముతున్నారని విని సంతోషించాను గానీ, మా తాత గొంగడి తర్వాతి తరానికి మరో గొంగడి ఉంటుందన్న ధీమా మాత్రం కలగలేదు.

గొంగడి కావాలని నేనడిగింది నా కోసం కాదు. ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి.

మా అమ్మాయి 2024 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికైంది. ఆ అక్టోబరులోనే ఉద్యోగంలో చేరింది. బడి ఇంటికి ఇరవై కిలోమీటర్లు. బస్సు వేళకి బడి వేళ కుదరదు. స్కూటీ మీద పోయివస్తుంది. ఇరవై రెండేళ్లు వానలో నేను తిరిగినప్పుడు మా ఇంట్లో ఎవరు ఎలా ఎదురుచూశారో నాకు తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది. మబ్బు పట్టిందంటే చాలు, మధ్యాహ్నం మూడు నుంచే గోడ గడియారం వైపు చూస్తుంటాను. మా ఆవిడ నవ్వుతుంది. ‘ఇప్పుడు మీ వంతు’ అంటుంది.

ఒకరోజు అమ్మాయి పూర్తిగా తడిసి వచ్చింది. పొద్దున పోతూనే తడిసిందట. ఆ తడిబట్టల్తోనే సాయంత్రం దాకా పాఠాలు చెప్పింది. పెదాలు నల్లబడ్డాయి. నేను కరెంటు కోటు తీసి చేతికిచ్చాను. వద్దంది. ‘నాన్నా, అది తొడుక్కుని బడికిపోతే పిల్లలు పాఠం వినరు, నా గుండె మీది దీపమే చూస్తారు’ అంది. నిజమే మరి.

తర్వాత ఇద్దరం కూర్చుని ఒక జాబితా రాశాం. మొదటిది, తడవకుండా ఉండటం. కుట్ల దగ్గర టేపు వేసిన, ప్యాంటూ కోటూ విడివిడిగా ఉండే మంచి రెయిన్‌కోటు. చున్నీ చక్రంలో పడకుండా కోటు లోపల ముడేసుకోవాలి. రెండోది, చేతులకి తొడుగులు. మూడోది, బళ్లో ఒక జత పొడిబట్టలు, ప్లాస్టిక్ కవర్లో. నాలుగోది, తడిసినా వెచ్చగా ఉండే ఒక పొర లోపల. అయిదోది కరెంటు. మా మేనల్లుడికి ఈ జాబితా పంపితే ‘కరెక్ట్ మామా, ఇక్కడా వరుస ఇదే’ అన్నాడు. వేడి పుట్టించడం చివరి మెట్టు. ఉన్న వేడిని పోనివ్వకపోవడం మొదటి మెట్టు.

కరెంటు కోట్లు ఇప్పుడు మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి కొనాలనుకునేవారికి రెండు మాటలు. అది వానని ఆపదు, పైన రెయిన్‌కోటు ఉండాల్సిందే. బ్యాటరీ తడవకూడదు, తడిసిందాన్ని చార్జింగ్‌లో పెట్టకూడదు. ఎర్ర దీపం మీద గంటలకొద్దీ ఉంచకండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, చర్మం కమిలినా తెలియదు. ఇది మందుల సంచీ మోసేవాడి మాట, కాస్త చెవిన పెట్టండి.

జాబితాలో నాలుగోదాని కోసం నేను మళ్లీ రెండు శనివారాలు సంతకి వెళ్లాను. మూడో శనివారం ఒక ముసలమ్మ దగ్గర పాత గొంగడి దొరికింది. వనపర్తిలో టైలరు దగ్గరికి తీసుకెళ్లి, చేతులు లేని కోటు కుట్టమన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి ‘సూది విరిగితే మీదే పూచీ’ అన్నాడు. గుచ్చుకోకుండా లోపల మెత్తటి నూలుబట్ట వేయించాం. మా గద్వాల చీరకి ఒళ్లు నూలు, అంచు పట్టు కదా... మా కోటుకి లోపల నూలు, బయట ఉన్ని! అమ్మాయి తొడుక్కుని అద్దంలో చూసుకుంది. వాసన చూసి ముఖం చిట్లించింది. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలేరితే ఎలాగే?’ అంది వాళ్లమ్మ.

ఆ తర్వాత వచ్చిన వానకి దాన్ని తొడుక్కునే వెళ్లింది. సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే చెప్పడం మొదలెట్టింది. బళ్లో రెయిన్‌కోటు విప్పగానే పిల్లలంతా ఒకటే నవ్వట. ‘మేడమ్ గొంగడి ఏసుకున్నది’ అని గోల. రెండో తరగతి పిల్లవాడొకడు మాత్రం నవ్వకుండా దగ్గరికి వచ్చి, అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూశాడట.

‘మేడమ్, ఇది మా తాత నేస్తుండె.’

అప్పటిదాకా వాడు తరగతిలో నోరు విప్పి ఒక్క మాట మాట్లాడింది లేదట. ఆ రోజు మాత్రం మగ్గం ఎలా ఉంటుందో, చింతగింజలు ఎలా ఉడికిస్తారో, ఉన్ని కత్తిరిస్తుంటే గొర్రె ఎలా తన్నుకుంటుందో తరగతి మొత్తానికీ చెప్పాడట. నవ్వినవాళ్లంతా నోరు తెరుచుకుని విన్నారు. ‘నేను చెప్పాల్సిన పాఠం వాడే చెప్పేశాడు నాన్నా’ అంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆ పిల్లల్లో సగం మంది తడిసే వస్తారట. కొప్పెర వేసుకునే అలవాటు పోయింది, రెయిన్‌కోటు కొనే స్తోమత రాలేదు. మర్నాడు పోతూ పోతూ ‘నాన్నా, నీ కరెంటు కోటు ఒకసారి ఇస్తావా?’ అంది.

ఇప్పుడది బళ్లోనే ఉంటోంది. వాన పడిన రోజు బాగా వణుకుతున్నవాళ్లకి వంతులవారీగా పది నిమిషాలు. నీలి దీపమే, ఎర్రది నొక్కడానికి వీల్లేదని మేడమ్ ఆజ్ఞ. పాతికవేల అడుగుల ఎత్తున సైనికుల కోసం పుట్టిన తెలివి, ఒక పల్లె బళ్లో ఏడేళ్ల పిల్లల వీపు వెచ్చబెడుతోంది. సియాటిల్‌లో మావాడికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఇంకో బ్యాటరీ పంపనా మామా?’ అన్నాడు.

బ్యాటరీ వద్దన్నాను. చిన్న సైజు రెయిన్‌కోట్లు ఎన్ని కావాలో అమ్మాయి లెక్క రాసి ఇచ్చింది. ముప్పై రెండు. ఆ కాగితం వాడికి పంపించాను.